ఓబయ్య కర్రసాము

ఓబయ్య కర్ర తిప్పితే గాలికి కూడా దారి దొరకదని ఆ సముద్రతీరాన చెప్పుకునేవాళ్లు. ఆ చెప్పుకునేవాళ్లలో మొదటివాడు ఓబయ్యే. పీర్ల పండగొస్తే చాలు, వల మూలన పడేసి, మీసానికి ఆముదం రాసుకుని వీధి మధ్య కర్ర గిరగిరా తిప్పేవాడు. ఆ సాము చూసి పంచాయతీ సమితి ప్రెసిడెంటు మెడలో దండ వేసిన నాటినుంచి మనిషి నేలమీద నడవడమే మానేశాడు. వల లాగడానికి మాత్రం నడుము నొప్పి.

తంటా అంతా భార్య మస్తానమ్మది. ఆమెకున్న బంగారమల్లా, తల్లి పోతూ పోతూ తన చెవులనుంచి తీసిచ్చిన కమ్మల జత. ఆ ఏడు తాటితోపు దారిలో దొంగల భయం ఎక్కువైంది. చేపలమ్మే ఆడవాళ్లు నగలు కొంగున ముడేసుకుని గుంపుగా కదిలేవాళ్లు. తన చెల్లెలి కొడుకు పెళ్లికని మొగుడితో బోగోలు బయల్దేరిన రోజు మస్తానమ్మ కూడా కమ్మలు తీయబోయింది.

"ఏందిమే, నా పక్కన నడస్తా కమ్మలు దాస్తావా? చూసినోళ్లు నా మొగాన ఉమ్మరా?" అని ఓబయ్య గుడ్లురిమాడు. కర్ర భుజాన వేసుకుని, తోడుకొచ్చిన గుంపును కూడా ముందు పొమ్మన్నాడు.

మగాడి పరువు పెళ్లాం చెవులకు వేలాడుతుంది కాబోలు! ఆమె కమ్మలతోనే నడిచింది.

తాటితోపు దగ్గర, పట్టపగలే, ఒకడు చెట్టు చాటునుంచి దారికి అడ్డం వచ్చాడు. ఎండు మెత్తళ్ల చేపలా బక్కగా ఉన్నాడు మనిషి. చేతిలో కత్తి. "కమ్మలు తియ్యి" అన్నాడు.

మస్తానమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యా, చూస్తావేంది? కొట్టు!"

ఓబయ్య కదిలాడు. కదిలి, పద్ధతి ప్రకారం కర్రను నేలమీద అడ్డంగా పెట్టాడు. సాముకు ముందు కర్రకు, భూమికి, నాలుగు దిక్కులకు దండం పెట్టాలన్నది సాము నేర్పిన గురువు హనీఫా సాయిబు నియమం. పండగలో అయితే అవతలివాడు కూడా దండం పెట్టి, అది ముగిసేదాకా ఆగుతాడు. ఈ దొంగ వెధవకు ఆ మర్యాద ఎవరూ నేర్పలేదు. ఓబయ్య కళ్లు మూసుకుని తూర్పుకు మొక్కేలోగా వాడు వంగి కర్ర తీసుకున్నాడు.

"ఆగరా, ఇంకా మూడు దిక్కులుండాయి!" అన్నాడు ఓబయ్య.

వాడు ఆగలేదు. ఆ కర్రతోనే కడుపులో ఒక్క పోటు పొడిస్తే మన వీరుడు వెళ్లి నాగజెముడు పొదలో పడ్డాడు. దొంగ మస్తానమ్మ కమ్మ పట్టుకుని లాగాడు. చెవితమ్మె తెగింది. ఆమె వాడి మణికట్టును పళ్లు దిగేలా కొరికి, వీధి వీధీ చేపలమ్మిన గొంతుతో పెడబొబ్బ పెట్టింది. తోపులో కల్లు గీసేవాళ్లు గబగబా చెట్లు దిగి పరుగెత్తుకొచ్చారు. వాడు కమ్మ వదిలేసి, కర్ర మాత్రం పట్టుకుని ఉడాయించాడు.

వచ్చినవాళ్లు ఓబయ్యను పొదలోంచి లేపి, "శభాష్ అన్నా, భలే తరిమినావు!" అన్నారు.

ఓబయ్య మీసం దువ్వాడు. "నలుగురొచ్చినారబ్బా."

"ఒక్కడే. కొరికి తరిమింది నేను" అంది మస్తానమ్మ, చెవినుంచి నెత్తురు కారుతుంటే.

"ఆడమనిషి, అదిరిపోయింది పాపం" అన్నారు వాళ్లు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. కమ్మ దక్కింది, పెట్టుకోవడానికి చెవి దక్కలేదు.

రెండు కమ్మలూ గుప్పిట్లో పట్టుకుని విసవిసా బోగోలు దారి పట్టింది. ఓబయ్య ముళ్లు పీక్కుంటూ వెనకే కుంటుతూ నడిచాడు. "ఉండుమే, ఒంటిగా పోతావా? తోడొస్తా."

"వద్దులే. ఒంటిగా పోతే దొంగ ఒక్కడ్ని చూసుకుంటే చాలు" అంది మస్తానమ్మ, వెనక్కి తిరక్కుండానే. "నువ్వొస్తే నిన్ను కూడా కాపాడుకోవాల."