వెనక గుమ్మం తక్కెడ

నేను ఒక తక్కెడను. ఇనుప దండె, పళ్లేల్లాంటి రెండు ఇత్తడి సిబ్బెలు, నడుమ ఒక ముల్లు, అంతే నా ఆస్తి. నన్ను చేసిన కమ్మరి, ముల్లు నిటారుగా నిలిచేదాకా దండెను అరగదీసి, ఇక దీని నోట అబద్ధం రాదని మురిసిపోయాడు. పాపం, ఆయన ఇనుమును నమ్మినట్టే మనుషులనూ నమ్మాడు.

నన్ను మొదట కొన్నది అనకాపల్లిలో ఒక బెల్లం వర్తకుడు. పొద్దున్నే నాకు బొట్టు పెట్టి, దణ్ణం పెట్టి, ఆ చేత్తోనే సిబ్బె అడుగున చింతపండు ముద్ద అంటించేవాడు. రైతు దగ్గర కొనేటప్పుడు రాళ్లు పెట్టే సిబ్బెకు, తాను అమ్మేటప్పుడు సరుకు పెట్టే సిబ్బెకు. పీకడం, అంటించడం, రోజంతా అదే పని. ఆ శ్రద్ధేదో వ్యాపారం మీద పెట్టి ఉంటే మేడ కట్టేవాడని మీరనుకోవచ్చు. మేడ కూడా కట్టాడు లెండి. ఆయన కొడుకు అంకెలు వెలిగే కాటా తెచ్చాక నేను పాత ఇనుము కొట్టుకు చేరాను.

అక్కడ నన్ను చూసి ముచ్చటపడింది ఇందుమతి. ఆమె, భర్త చక్రధర్ కలిసి హైవే పక్కన 'చేనుముద్ద' అని భోజనశాల తెరుస్తున్నారు. ఇక్కడ వడ్డించేదంతా చుట్టుపక్కల పొలాల్లో పండిందేనని ముందు గుమ్మం మీద పెద్ద బోర్డు. చక్రధర్ నన్ను ఆ బోర్డు కింద వేలాడదీసి సిబ్బెల నిండా బంతిపూలు పోయించాడు. వచ్చినవాళ్లంతా నా పక్కన నిలబడి ఫొటోలు దిగేవారు. పని లేని గౌరవం అంత విసుగు ఇంకొకటి లేదు.

నా అదృష్టం బాగుండి వంటింట్లో ఉన్న కరెంటు కాటాలోకి నీళ్లు పోయాయి. వంటమనిషి వరహాలు ఎవరినీ అడగకుండా బంతిపూలు దులిపేసి, నన్ను తీసుకెళ్లి వెనక గుమ్మానికి తగిలించింది. రైతులు కూరగాయలు దించేది అక్కడే. తడి మట్టి అంటిన వంకాయలు సిబ్బెలో పడగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇందుమతి రైతులందరికీ ఒక మాట ఇచ్చింది. మీరు ఏది పండిస్తే అది తీసుకుంటాను, వెనక్కి పంపను అని. మంచి మాటే. కానీ ఒక ఏడు వానలకు అందరి పాదులూ కుళ్లిపోతే, మెరకలో ఉన్న సన్యాసినాయుడి బీరపందిరి ఒక్కటే నిలిచింది. ఆమె ఆ బీరకాయలను అపురూపంగా చూసి మంచి ధర ఇచ్చింది. నాయుడు నోట్లో నువ్వుగింజ నానదు. ఊరంతా చెప్పుకున్నాడు. ఇంకేముంది, మరుసటి ఏడు ఎవరి చేలో చూసినా బీరపందిరే.

శ్రావణం వచ్చేసరికి కాపు విరగబడింది. నాయుడు బీరకాయలు తెచ్చాడు. అతని వెనక అతని తమ్ముడూ బీరకాయలే తెచ్చాడు. వంకాయల వాళ్లు, బెండకాయల వాళ్లు కూడా బీరకాయలే తెచ్చారు. ఒకరి గంపలోకి ఒకరు తొంగిచూసుకుని మొహాలు తేలేశారు. అయినా ఎవరూ వెనక్కి తీసుకెళ్లలేదు, మాట ఇచ్చింది ఆమె కదా.

వరహాలు తనకు తెలిసిన విద్యలన్నీ చూపించింది. బీరకాయ పప్పు, పాలు పోసిన కూర, పచ్చడి, చెక్కుతో ఇంకో పచ్చడి, బజ్జీలు. మొదట్లో జనం మెచ్చుకున్నారు. నాలుగోనాటి నుంచి కార్లు ఆగడం, వడ్డించేవి ఏమిటో విని మళ్లీ బయల్దేరడం మొదలైంది. సగం బల్లలు ఖాళీ. ఇలాగే సాగితే వినాయక చవితికి షట్టరు దించుకోవాల్సిందేనని చక్రధర్ తేల్చేశాడు. ఆ రోజు నా కిందే నిలబడి గొంతు తగ్గించి అన్నాడు.

"ఈ ఒక్క వారం మార్కెట్ నుంచి నాలుగు రకాలు తెచ్చేద్దాం ఇందూ. తినేవాళ్లకేం తెలుస్తుంది?"

"వాళ్లకు తెలియదు. ఈ గుమ్మంలో గంపలు దించేవాళ్లకు తెలుస్తుంది" అంది ఆమె.

అనేసిందే గానీ, అతను వెళ్లాక నా దండె పట్టుకుని చాలాసేపు నిలబడిపోయింది. ఇచ్చిన మాట నిలబెట్టుకుంటే భోజనశాల పోతుంది, భోజనశాల నిలబెట్టుకోవాలంటే మాట పోతుంది. బరువులు ఎన్నో మోశాను గానీ ఆ అమ్మాయి చేతి బరువు నన్ను బాధపెట్టింది.

మర్నాడు గంపలన్నీ ఎప్పటిలాగే తూయించింది. తూకం అయ్యాక, మధ్యాహ్నం భోజనానికి ఇంట్లోవాళ్లతో సహా రమ్మని అందరినీ పిలిచింది. వెనక నుంచి కాదు, ముందు గుమ్మం లోంచి రండి అని మరీ మరీ చెప్పింది. ఇన్నాళ్లుగా కూరగాయలు తెస్తున్నారే గానీ ఆ హాలు లోపల ఎలా ఉంటుందో వాళ్లలో ఒక్కరికీ తెలియదు.

ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చారు. వంటింటి తలుపులు తెరిచే ఉన్నాయి కాబట్టి నాకంతా కనిపిస్తూనే ఉంది. అరిటాకుల ముందు ముడుచుకుని కూర్చున్నారు. నాయుడు పప్పు కలుపుకుని ఆహా అన్నాడు. కూర వచ్చింది, బాగుందన్నాడు. పచ్చడి వచ్చింది, తలూపాడు. చెక్కు పచ్చడి వచ్చేసరికి తల ఊపడం కూడా మానేశాడు. బజ్జీ విరిచి లోపల ఏముందో చూసి వరహాలును పిలిచాడు.

"ఏటమ్మా, అన్నీ బీరకాయలేనా? ఏరే కూర ఏటీ నేదా?"

నెయ్యి వడ్డిస్తున్న ఇందుమతి అతని ఆకు ముందు ఆగింది.

"మీరు తెచ్చిందే పెట్టాను బాబాయ్. రేపు ఏది తెస్తే అదే పెడతాను."

ఎత్తిపొడవలేదు, ఉన్నమాటే అంది. కళ్లలో మాత్రం నీళ్లు తిరిగాయి. నాయుడి భార్య పైడితల్లి ముందుగా నవ్వేసింది.

"నెల్లాళ్ల నుంచి ఇంట్లో నానూ అదే మాట సెప్తన్నాను తల్లీ. ఇన్నాడేటి?"

ఇక అందరూ నవ్వారు, నాయుడు కూడా. చేతులు కడుక్కుని పెరట్లో నా చుట్టూ చేరి, ఎవరు బెండ వేయాలి, ఎవరు గోరుచిక్కుడు వేయాలి అని సాయంత్రం దాకా వాదించుకున్నారు. ఆ పంటలు చేతికి రావడానికి టైం పడుతుంది కదా అని చక్రధర్ దిగులుపడ్డాడు. కానీ మర్నాడు గంపల్లో బీరకాయల పక్కనే బచ్చలి, గోంగూర, మునగకాయలు, అరటిపువ్వు కనిపించాయి. ఇవన్నీ ఎక్కడివని అడిగితే, మా పెరట్లోవే అన్నారు. పెరట్లో ఉన్నదాన్ని వాళ్లెప్పుడూ పంట అనుకోలేదు. చవితికి షట్టరు దిగలేదు. బల్లలన్నీ నిండాయని చెప్పను గానీ, ఆగిన కార్లు తినకుండా బయల్దేరలేదు.

మొన్న తొలకరికి సన్యాసినాయుడు ఒక్కడే వచ్చి, తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. విత్తనం వేసేముందు ఆమెను అడగడానికి రావడం అదే మొదలు.

"ఈ ఏడు ఎవులూ బీర ఎయ్యలేదమ్మా. నానెయ్యొచ్చా?"

"మీకు తినాలని ఉందా బాబాయ్?"

నా ముందు నిలబడి ఎంత తూగుతుందని అడిగినవాళ్లనే చూశాను నేను. ఈ ప్రశ్న కొత్త. నాయుడు నిజంగానే ఆలోచనలో పడ్డాడు. అటూ ఇటూ చూశాడు.

"ఓ పాదు పాటి ఉందమ్మా" అన్నాడు.