చీరలు ఆరాయి, నేను ఆరలేదు

నేను ఒక బ్రేకు పైపును. పెన్సిలంత లావుంటాను. ఫ్యాక్టరీలో నన్ను కొలిచి, వంచి, ఒక పికప్ బండి పొట్ట కింద బిగించారు. డ్రైవరు కాలి బలాన్ని ఆయిల్‌తో చక్రాలకు చేర్చడం నా పని. పద్దెనిమిదేళ్లలో ముగ్గురు యజమానులు మారారు. మొదటి ఇద్దరూ అద్దాలు తుడిచారు, హారన్లు మార్చారు, నన్ను చూడలేదు. మూడోవాడు సన్యాసినాయుడు చూశాడు. దసరాకు బండి అడుగంతా నల్లరంగు వేస్తూ నాకూ రెండు పూతలు పూశాడు. ప్రేమతోనే పూశాడు. ఆ రంగు కింద, క్లిప్పు పట్టిన చోట, తుప్పు నన్ను తింటూనే ఉంది.

ఆ సోమవారం పొద్దున్నే అతను గెడ్డ వాగులో బండి కడిగాడు. సంతకు అనాసపళ్లు తీసుకెళ్లే ఆరుగురు ఆడవాళ్లు అక్కడే చీరలు ఉతుక్కుని, బండి కమ్మీల మీద ఆరేసి, గంపల పక్కన ఎక్కి కూర్చున్నారు. ముందున్నది ఘాటీ, పన్నెండు మలుపుల దిగుడు. పెడల్ కాస్త మెత్తగా ఉందని ఘాటీ మొదట్లో దాలినాయుడి మెకానిక్ షెడ్డు దగ్గర ఆపాడు.

"పైపైన చూసెయ్ బావా. సంత వేళ దాటిపోద్ది."

దాలినాయుడు కిందకు దూరి లైటు వేశాడు. అతని వేలు నా మీద జారింది. రంగు నున్నగా తగిలింది. క్లిప్పు దగ్గర తడి తగిలింది. అతని వేళ్లు ఎప్పుడూ జిడ్డే, తేడా తెలియలేదు. ఇదేంటని అడిగితే, ఇప్పుడే కడిగాను కదా, నీళ్లని పైనుంచి జవాబొచ్చింది. వేలు వెళ్లిపోయింది. నోరుంటే అరిచేదాన్ని. ఇంజను మొదలైంది.

అప్పుడు చిలకమ్మ అనే ముసలామె కమ్మీ మీది చీర మడతపెడుతూ నెమ్మదిగా అంది.

"నా సీర ఆరిపోనాది. అదింకా ఆరలేదేటి నాయనా?"

బండికీ చీరకీ పోలికేమిటని సన్యాసినాయుడు నవ్వాడు. దాలినాయుడు నవ్వలేదు. ఇంజను ఆపించాడు. చెయ్యి శుభ్రంగా తుడుచుకుని మళ్లీ దూరాడు. తడి అంటిన వేలిని ఇంకో వేలితో రుద్దాడు. నీళ్లలా కాదు, ఆయిల్‌లా జారింది. క్లిప్పు విప్పి, స్క్రూడ్రైవరుతో రంగు గీకితే తుప్పు పొలుసులు అతని కళ్లలో రాలాయి.

"తొక్కు సన్నాసీ. ఘాటీలో ఎలా తొక్కుతావో అలా తొక్కు."

తొక్కాడు. ఎంత బిగపట్టినా నా వల్ల కాలేదు. చీలిపోయాను. ఆయిల్ దాలినాయుడి ముఖం మీదకు చిమ్మింది. పెడల్ అడుగురేకుకు కొట్టుకున్న చప్పుడు గంపల దగ్గర కూర్చున్నవాళ్లంతా విన్నారు.

సన్యాసినాయుడు దిగి ఒక్కో గంపా తనే దించాడు. వారంలో రెండుసార్లు బ్రేకు ఆయిల్ పోశాననీ, బండి ముసలిదై ఎక్కువ తాగుతోందనుకున్నాననీ గంపలకు చెబుతున్నట్టు చెప్పాడు.

"మరి మాకు సెప్పాలి కద నాయనా," అంది చిలకమ్మ.

ఆ పూట వాళ్లు పళ్లను షెడ్డు ముందే రోడ్డు పక్కన అమ్ముకున్నారు.

ఇప్పుడు నేను షెడ్డులో మేకుకు వేలాడుతున్నాను. తొందరపడే డ్రైవరు వస్తే దాలినాయుడు వాదించడు. నన్ను తీసి అతని చేతిలో పెడతాడు. అతను అటూ ఇటూ తిప్పుతాడు. చీలిక వేలికి తగులుతుంది. కాసేపటికి ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని, బెంచీ మీద కూర్చుంటాడు.