ఎంగిలి దారం

బొంత కుట్టడం అయిపోయాక ఒకసారి ఉతికి ఆరేసి గాని ఎవరి చేతికీ ఇవ్వకూడదని రుక్మిణమ్మకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆమె తల్లి అట్లాగే చేసేది. సూదిలోకి ఎక్కించేటప్పుడు దారం కొసను నోట్లో పెట్టి తడి చేస్తారు కదా, ఒక్క బొంతకు అట్లా కొన్ని వందల సార్లు చేయాలి. అంటే బొంత నిండా ఎంగిలే. ఎంగిలి వస్తువును ఇంకొకరి మీద కప్పడం మర్యాద కాదు. కుంకుడు నీళ్ళలో ఒక పూట నానబెట్టి, పిండకుండా ఎండలో వేస్తే ఎంగిలి పోతుంది, కుట్లూ బిగుస్తాయి.

ఈ సంగతి ఆమె తన్వికి చెప్పలేదు. అది చెప్పాల్సిన సంగతని ఆమెకు తోచలేదు. అన్నానికి కూర్చునే ముందు చేతులు కడుక్కోవాలని ఒకరికొకరు చెప్పుకుంటారా?

చేవెళ్ళ బజారులో రుక్మిణమ్మ వాళ్ళది బట్టల దుకాణం. భర్త ముకుందం పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు కొడుకూ కోడలు ఉమారాణీ దుకాణం చూసుకుంటున్నారు. రుక్మిణమ్మ పొద్దున్నే వచ్చి కట్‌పీసుల పక్కన తన బొంత నాలుగు మడతలు వేసుకుని కూర్చుంటుంది. ఆమెకు చదువు చెప్పింది కూడా అక్కడే, ఉమారాణే. గిరాకీ లేని మధ్యాహ్నాలు నల్లటి లైనింగు గుడ్డ పరిచి, టైలరు సుద్దతో అక్షరాలు రాసి దిద్దించేది. ఎవరైనా గిరాకీ మెట్టెక్కితే గుడ్డ ఒక్క దులుపు దులిపితే చాలు, పాఠం మాయం. అట్లా రెండేళ్ళలో రుక్మిణమ్మ చీరల పేర్లు, బస్సుల బోర్డులు, ఆ తర్వాత పేపరు కూడా కూడబలుక్కుని చదవడం నేర్చింది. రాత మాత్రం వాచకంలో అచ్చు వేసినట్టు బిగుసుకుని ఉండేది, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఒక మనిషి కూర్చునేంత సందుతో.

తన్వి మొదటిసారి దుకాణానికి వచ్చింది కట్‌పీసుల కోసమే. వాళ్ళది గుంటూరు వైపు. నాన్న శేషగిరిరావు ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చేనాటికి ఆమె చంటిపిల్ల. కంప్యూటరు ఉద్యోగం పదేళ్ళు చేసి మానేసింది. మొయినాబాదు దగ్గర, చిల్కూరు పోయే దారిలో రెండు గదులు కిరాయికి తీసుకుని గుడ్డల మీద, గోడకు తగిలించే పటాల్లాగా, బొమ్మలు కుడుతోంది. పాత చీర ముక్కలు, గోనెపట్టా, బస్సు టికెట్లు, క్యారెట్ విత్తనాల ప్యాకెట్లు, ఎండిన బంతిరేకులు, ఏది దొరికినా గుడ్డకు అతికించి, దాని మీద సూదితో నిదానంగా పనిచేస్తుంది. శనివారాలు నలుగురైదుగురు ఆడవాళ్ళు వచ్చి ఆమెతో కూర్చుంటారు.

ఆ రోజు ఆమె కళ్ళు కట్‌పీసుల మీద లేవు.

“పెద్దమ్మా, మీరు కూర్చున్న బొంత ఎవరు కుట్టారండీ?”

“నేనే.”

“అమ్ముతారా?”

“కూసున్న బొంతను గుంజుకుంటవా ఏంది బిడ్డా,” అంది రుక్మిణమ్మ. ఉమారాణి పక్కకు తిరిగి నవ్వింది.

బొంత అమ్మలేదు గాని, తన్వి రమ్మంటే రుక్మిణమ్మ ఆ శనివారం బస్సెక్కి మొయినాబాదు పోయింది. ఆ తర్వాత ఏ శనివారమూ మానలేదు.

సంక్రాంతి వెళ్ళిన వారానికి తన్వి ఆమె ముందు ఒక గుడ్డ పరిచింది. లేత పసుపు వెంకటగిరి నూలు చీర, కట్టీ కట్టీ మెత్తబడ్డది. దాని మధ్యలో ఒక కాగితం అతికించి, పైన పలచటి మల్లు గుడ్డ వేసి ఉంది. కాగితం మీద నీలం అక్షరాలు.

“మా అమ్మ చీర, మా అమ్మ ఉత్తరం,” అంది తన్వి. “నేను హాస్టల్లో చేరిన కొత్తల్లో రాసింది. తర్వాత నాకు ఫోను కొనిచ్చారు. ఇంక ఉత్తరం రాయాల్సిన పని పడలేదు. ఇదొక్కటే.”

తన్వి తల్లి జానకీదేవి పోయి నాలుగేళ్ళయిందని రుక్మిణమ్మకు అప్పటికే తెలుసు. ఆ చీర అంచు మీద చేయి పెట్టి, మళ్ళీ తీసేసింది.

“దీని మీద మీరు కుట్టాలి పెద్దమ్మా. అక్షరం మీదుగా అక్షరం. అమ్మ రాత మీద సూది గుచ్చడం నా వల్ల కావట్లేదు.”

“కాగితం చినుగదా?”

“చినగదు. మైదాతో అతికించేశాను. ఇంక అదీ గుడ్డే అనుకోండి.”

రుక్మిణమ్మ ఆ మాట గట్టిగా పట్టుకుంది. ఇంక అదీ గుడ్డే.

నెలంతా ఆమె కుట్టింది ఐదు వరుసలు. నీలం దారంతో కాడకుట్టు, బియ్యపు గింజలో సగం పొడవున్న కుట్లు. ఆమె కళ్ళతో చదవలేదు, సూదితో చదివింది. ఒక అక్షరం పూర్తయితే గాని తర్వాతి అక్షరం ఏమిటో చూసేది కాదు. సోమవారం ‘గోం’ కుట్టింది. గురువారానికి గాని అది గోంగూర అని తేలలేదు. ‘గోంగూర సీసా మూత గట్టిగా పెట్టు, బూజు పడుతుంది’ అని వాక్యం పూర్తయిన రోజు ఆమె సూది పక్కన పెట్టి చాలాసేపు నవ్వుకుంది. గొప్ప సంగతేదో ఉంటుందని భయపడుతూ కుడుతోంది మరి.

జానకీదేవి రాత ఎట్లాంటిదో ఆమె వేళ్ళకు తెలిసిపోయింది. తలకట్టు పైకి లేచి పక్కకు వాలేది, గాలికి కొంగు ఎగిరినట్టు. ఒత్తులు అక్షరానికి ఆనుకుని ఉండేవి, చంకలో పిల్లల్లాగా. ‘ల’ రాసి ఊరుకునేది కాదు, చివర ఒక సుడి తిప్పేది.

ఆ మధ్యే ఒకరోజు రుక్మిణమ్మ చీరల డబ్బాల మీద పేర్లు రాస్తుంటే ఉమారాణి చూసింది.

“అత్తమ్మా, నేను నేర్పింది గిట్ల కాదు గద. ఈ ‘ల’కు తోకేంది?”

“దానికదే వచ్చింది,” అంది రుక్మిణమ్మ.

ఐదు వరుసలయ్యాక తన్వి ఇంక చాలంది. కింది పన్నెండు వరుసలు అమ్మ ఇంకుతోనే ఉండాలట. ఆ కింద ఏముందో రుక్మిణమ్మ చదవలేదు. సూది పోని చోటికి తన కళ్ళు పోవడం దేనికి? ఇంకొకరి ఉత్తరమది.

ఫిబ్రవరి ఆఖరి ఆదివారం మొయినాబాదులో తన్వి కుట్టినవన్నీ గోడలకు వేలాడదీసి జనానికి చూపిస్తానంది. నగరం నుంచి వస్తారట. అంచుకు పట్టీ వేసి ఇమ్మని అమ్మ చీరను రుక్మిణమ్మ చేతికిచ్చి చేవెళ్ళ పంపింది. బుధవారానికి పట్టీ అయింది. గురువారం పొద్దున్న రుక్మిణమ్మ బకెట్టులో కుంకుడు రసం తీసి, నురగ చేసి, చీరను మెల్లగా ముంచింది.

ఇంకు సంగతి ఆమెకు తట్టకపోలేదు. కానీ నలభై ఏళ్ళు ముకుందం చొక్కాలు ఉతికింది ఆమె. జేబు దగ్గర పెన్ను మరక ఏ సబ్బుకూ పోలేదు. పెన్ను గీత చొక్కా చినిగినా పోదని ఆమె లెక్క.

అది బాల్‌పెన్ను. జానకీదేవి రాసింది ఇంకు పోసుకునే పెన్నుతో.

మధ్యాహ్నం పోయి చూస్తే బకెట్టులో నీళ్ళు నీలంగా ఉన్నాయి. చీర పైకెత్తింది. మల్లు గుడ్డ కింద కాగితం నానిన అటుకుల్లా ఉండలు కట్టింది. అక్షరం అన్నది లేదు. పసుపు చీర మీద నీలం పారి, అక్కడక్కడా ఆకుపచ్చగా మారింది. పైన ఐదు వరుసల దారం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఉమారాణి వచ్చేసరికి రుక్మిణమ్మ పెరట్లో బండ మీద కూర్చుని ఉంది, చీర ఒళ్ళో వేసుకుని. ఆమె కట్టుకున్న చీరంతా తడి.

“అయ్యో అత్తమ్మా, ఎందుకు ఉతికినవ్?”

“ఎంగిలున్నది గద.”

ఉమారాణికి ఆ మాట వెంటనే అర్థమైంది. ఆమె కూడా పక్కన కూర్చుంది.

“వానకు తడిసిందని చెప్దామా?” అంది ఉమారాణి.

“మాఘంల వాన యాడికెల్లి తెస్తవే?”

“పోనీ, ఫోన్ చేసి ఇస్త. జర నెమ్మదిగ చెప్పు.”

“నోరు రాదు నాకు.”

“అయితే నేను చెప్త.”

“నువ్వెందుకు చెప్తవ్? ఉతికింది నువ్వా?” రుక్మిణమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. “ఒక కాగితం తే. రాసిస్త.”

ఆమె ఇంతవరకూ ఎవరికీ ఉత్తరం రాయలేదు. మూడు కాగితాలు పాడు చేసింది. నాలుగోది మడిచి చీర మడతల మీద గుండుసూదితో గుచ్చింది.

శుక్రవారం బస్సులో మొయినాబాదు పోయేసరికి తన్వి ఒక్కతే ఉంది, నిచ్చెనెక్కి గోడకు మేకులు కొడుతోంది. “వచ్చారా, మీ కోసమే చూస్తున్నాను,” అంది దిగుతూ. రుక్మిణమ్మ సంచి బల్ల మీద పెట్టింది. “అందుల చీటీ ఉన్నది బిడ్డా. చదువుకో. నేను బయట కూసుంట,” అని వచ్చి షాబాదు బండల మెట్టు మీద కూర్చుంది.

లోపల సంచి చప్పుడు వినిపించింది. చిల్కూరు గుడికి పోయే ఆటోలు రోడ్డు మీద ఒకటొకటిగా పోతున్నాయి. రుక్మిణమ్మ పది వరకు లెక్కపెట్టి మానేసింది. తిరుగు బస్సు ఎన్ని గంటలకో గుర్తు చేసుకుంది. ఇక శనివారాలు ఈ మెట్టు ఎక్కే పని ఉండదని అనుకుంది.

తన్వి బయటికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మెట్టుకు అటు చివర, దూరంగా కూర్చుంది.

“ఎందుకు ఉతికారు పెద్దమ్మా?”

“దారం ఎంగిలి చేసిన గద బిడ్డా, నెలంత. మీ అమ్మ చీర మీద. నలుగురు వచ్చి చూసేది. ఎంగిలి చీర ఎట్ల ఏలాడదీస్తం?”

తన్వి దారం ఎక్కించడానికి చిన్న తీగ వాడుతుంది. నోట్లో పెట్టుకోవడం ఆమెకు తెలియదు. ఆ మాట ఆమెకు వెంటనే తలకెక్కలేదు.

“ఒక్కటే ఉత్తరం పెద్దమ్మా.”

“ఎరుకే.”

“పోస్టరు కోసం ఫొటో తీశాను. దూరం నుంచి. అందులో గీతలు తప్ప ఏమీ కనపడట్లేదు.”



తన్వి చేతిలో చీటీ ఉంది. దాన్ని విప్పి మళ్ళీ చూసింది.

‘తన్వి బిడ్డా, ఎంగిలి అయిందని కుంకుడు నీళ్ళల్ల నానబెట్టిన. మీ అమ్మ రాసింది పోయింది. నేను కుట్టినంతే మిగిలింది. కింద ఏముండెనో నేను చదవలేదు. చదివి ఉంటే చెప్తుంటి. రుక్మిణమ్మ.’

“ఇది ఎవరు రాశారు?”

“నేనే.”

“ఉమారాణి గారు కాదా?”

“నేనే రాసిన. తప్పులుంటే సదురుకో.”

“తప్పులు కాదు.” తన్వి దగ్గరికి జరిగింది. “నా పేరు రాయండి.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే.”

రుక్మిణమ్మ సంచిలో ఎప్పుడూ టైలరు సుద్ద ముక్క ఉంటుంది. షాబాదు బండ మీద దుమ్ము అరచేత్తో తుడిచి, తన్వి అని రాసింది. తలకట్టు పైకి లేచి పక్కకు వాలింది. ‘న’ కింద ‘వ’ ఒత్తు ఒదిగి కూర్చుంది.

తన్వి ఆ పేరు మీద వేలు పెట్టి, చెరిగిపోతుందని మళ్ళీ తీసేసింది.

“నా స్కూలు పుస్తకాల అట్టల మీద ఇట్లాగే ఉండేది,” అంది. “అచ్చం ఇట్లాగే. నేను మొదట చీటీ చదవలేదు పెద్దమ్మా, చూశాను అంతే. అమ్మదే ఇంకో కాగితం ఎక్కడో దొరికిందనుకున్నాను.”

రుక్మిణమ్మ బండ మీది అక్షరాలను వంగి చూసింది. తన రాత ఎవరి రాతో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. ఉమారాణి తోక గురించి అడిగింది గుర్తొచ్చింది.

“నేను దొంగిలించలే బిడ్డా. చెయ్యికి అదే అలవాటైంది.”

తన్వి నవ్వబోయి ఏడ్చింది. రుక్మిణమ్మ ఆమె తల తన భుజానికి ఆనించుకుంది. సుద్ద చేయి జుట్టుకు తగిలి తెల్లగా అయింది.

“ఆ కింద ఏముండె?” అని కాసేపయ్యాక అడిగింది. “యాదికున్నదా?”

“ఉంది. నాన్న మోకాలి నొప్పి తగ్గిందని ఉంది. కాదు, ముందు పక్కింటి వాళ్ళ కుక్క.”

“కుక్కకేమైంది?”

“పిల్లల్ని పెట్టింది. మా మెట్ల కింద. ఐదు.”

“చెప్పు, రాస్త. నెమ్మదిగ చెప్పు, నాకు ఒత్తులు ఆలస్యం.”

తన్వి చెప్పింది, రుక్మిణమ్మ రాసింది. పై మెట్టు నిండితే కింది మెట్టుకు దిగారు. కుక్కపిల్లలు, మోకాలు, కొత్తగా వేసిన కరివేపాకు చెట్టు, చలికి స్వెట్టరు వేసుకోమన్న మాట. ఏది ముందో ఏది వెనకో తన్వికి రెండుసార్లు తేడా వచ్చింది, రెండుసార్లూ కొంగుతో తుడిచి మళ్ళీ రాసింది రుక్మిణమ్మ. మూడో మెట్టు సగానికి వచ్చాక తన్వి ఆగిపోయింది.

“చివర ఇంకొక్క మాట ఉంది. అది నాకే ఉంచుకుంటాను.”

“ఉంచుకో,” అని రుక్మిణమ్మ సుద్ద సంచిలో వేసుకుంది.

ఆదివారం ఆ చీరను నడిమి గోడకు వేలాడదీశారు. పైన ఐదు వరుసల దారం, కింద ఇంకు పారిన నీలం. ఆ కింద, అంచు పట్టీకి కొంచెం పైన, రుక్మిణమ్మ చీటీ అదే గుండుసూదితో గుచ్చి ఉంది. నగరం నుంచి వచ్చినవాళ్ళు దాని ముందు వంగి చదువుతున్నారు. ఉమారాణి దుకాణం మూసి మరీ వచ్చి, ఫొటోలు తీస్తోంది.

“నా తప్పు పట్టుకపోయి గోడకెక్కించినవ్,” అంది రుక్మిణమ్మ గొంతు తగ్గించి. “పిండలేదని కూడా రాయవలసి ఉండె. అందరు పిండిన్నని అనుకుంటరు.”

“వచ్చిన వాళ్ళందరికీ నేను చెబుతాలెండి. ఇంక దీన్ని ఉతకరు కదా?”

రుక్మిణమ్మ చీర దగ్గరికి పోయి, పట్టీ కొస పట్టుకుని, మూలన వదులైన ఒక కుట్టును వేలితో నొక్కి చూసింది.

“చీటీ తీసి దాచు ముందు, అదీ కాగితమే,” అంది. “అప్పుడు చూద్దాం.”