పల్చటి గాలి గది

శిక్షణ కేంద్రంలో ఆక్సిజన్ తగ్గించిన గది ఒకటుంది. కొండల మీద ఉండే పల్చటి గాలిని అందులో యంత్రం తయారు చేస్తుంది. నడక పందేలవాళ్లు పగలంతా మైదానంలో చెమటోడ్చి, ఆ గదిలో పడుకుంటే రక్తం బలపడుతుందని కోచ్ నమ్మకం. యంత్రాన్ని చూసుకునే టెక్నీషియన్ ఒకావిడ. ఈసారి గదిలోకి వచ్చింది ఆవిడ సొంత మరదలే, తమ్ముడి భార్య.

పొద్దున్నే లాలాజలం తీసి పరీక్షించడం కూడా టెక్నీషియన్ పనే. రోగాలను అడ్డుకునే పదార్థం ఎంతుందో దాంట్లో తెలుస్తుంది. పదో రోజుకి మరదలికి అది సగానికి పడిపోయింది. పెదవి లోపల రెండు పుళ్లు లేచాయి.

వదిన ఆ పరీక్ష కాగితం పట్టుకుని కోచ్ దగ్గరికి వెళ్లింది.

"అందరికీ తగ్గుతుందమ్మా. మళ్లీ పెరుగుతుంది," అన్నాడాయన. చెడ్డవాడు కాదు. ఇదే గదిలోంచి వెళ్లి ఇద్దరు పతకాలు తేవడం కళ్లారా చూసినవాడు.

తిరిగొచ్చి, ఆక్సిజన్ పెంచుదామని యంత్రం నాబ్ మీద చెయ్యి వేసింది. అద్దం వెనక నుంచి మరదలు చూసేసింది.

"వద్దు వదినా. నువ్వు తిప్పితే నా ఊపిరికి తెలిసిపోతుంది."

"ముద్ద దిగట్లేదు నీకు!"

"ఎంపిక పందేనికి ఇంకో వారమేగా. నాలుగేళ్లుగా కాళ్లరిగేలా నడుస్తున్నాను. నిజంగానే అరిగాయి, కావాలంటే చూడు," అంటూ పాదం ఎత్తి చూపించింది. నవ్వు మధ్యలో దగ్గొచ్చింది.

వదిన చెయ్యి తీసేసింది.

రెండు రోజులకి మరదలికి జ్వరం ముంచుకొచ్చింది. కోచే కారులో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందన్నాడు డాక్టరు.

"ఆ గది వల్లేనా?" అడిగింది వదిన.

"కావచ్చు. రోజుకి ముప్పై కిలోమీటర్ల నడక వల్లా కావచ్చు. పక్కన ఎవరో తుమ్మడం వల్లా కావచ్చు. ఇదీ అని చెప్పలేను."

పందెం రోజున మరదలు ముక్కుకి గొట్టంతో మంచం మీదే ఉంది. టీవీ పెట్టమంది. గీత దగ్గర నిలబడ్డవాళ్లను చూసి కట్టేయమంది. గోడ వైపు తిరిగింది. ఏడవడానికి కూడా ఊపిరి చాలలేదు.

తమ్ముడు రైలు దిగి నేరుగా వచ్చాడు. వరండాలో అక్కని నిలదీశాడు.

"నువ్వు పక్కనే ఉన్నావుగా అక్కా! నీకు ముందే తెలుసా?"

"తెలుసురా."

"మరి?"

"కోచ్‌కి చెప్పాను. తనకీ చెప్పాను."

అతను అక్కని దాటుకుని భార్య దగ్గరికి వెళ్లిపోయాడు.

మూడు వారాలకి మరదలు ఇంటికెళ్లింది. మెట్లెక్కితే ఇంకా ఆయాసమే. మళ్లీ ఎంపికకి పిలుస్తారో లేదో కోచ్‌కీ తెలియదు. తమ్ముడు అక్కకి ఫోన్ చేస్తూనే ఉన్నాడు, కానీ రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తున్నాడు.