గోడమీద పెరిగిన చేప

1983 ఏప్రిల్ 20, బుధవారం. ఉసుబెత్సు సరస్సు మీద మంచు పగిలి రెండు రోజులైంది. పడమటి గాలి, ఉండుండి మంచు కలిసిన జల్లు. సత్రంలో దిగిన ఆరుగురు చేపలవాళ్లకి సోయా ముద్దతో కాచిన మిసో పులుసు పోసి, సత్రం చూసుకునే తొమోయె తనూ రొమ్ముదాకా వచ్చే రబ్బరు తొడుగు వేసుకుని ఒడ్డుకి వెళ్లింది. ఆ తొడుగులు ఎంత మంచివి కొన్నా మోకాలి దగ్గరే కారతాయి. ఎందుకో ఇంతవరకూ ఎవరూ చెప్పలేకపోయారు.

మంచాన పడ్డ సత్రం యజమాని ఇసాబురో తన పిల్లలిద్దరికీ, కొడుకుకీ కూతురు తొమోయెకీ, ఒకటే మాట చెప్పాడు: "చేపలవాళ్లకి అన్నం పెట్టే ఇల్లు చేప పట్టలేనివాళ్లకి ఇవ్వను. ఈ వసంతంలో ఎనభై సెంటీమీటర్లు దాటిన ట్రౌట్ చేపని ఎవరు పట్టుకుంటే సత్రం వాళ్లది."

అందుకే అన్న షిగెనోబు సప్పోరో పట్నం నించి దిగాడు. అతని గాలం పొద్దుటినించీ రాళ్లనే పడుతోంది.

"మళ్లీ రాయేనా అన్నయ్యా? నాన్నకి చూపించు, బరువుంటుంది."

"నీ నోరు కాస్త ఆ నీళ్లలో ముంచు."

అంతలో తొమోయె గాలం కర్ర వంగింది. చేప వెంట ఒడ్డమ్మట ఇరవై నిమిషాలు నడిచింది. చివర్లో షిగెనోబు చేతివల పెట్టి పైకెత్తాడు. ఎనభై ఒక్క సెంటీమీటర్లు.

ఆ ఊళ్లో పెద్ద చేపకి సిరా పూసి కాగితం మీద అచ్చు తీస్తారు. కుడివైపు పట్టినవారి పేరు, ఎడమవైపు సాక్షి పేరు, దాని పక్కన ముద్ర. షిగెనోబు కుంచె అందుకుని కుడివైపు తన పేరు రాశాడు.

"వల పెట్టింది నేనేగా. సగం నాదే."

"అయితే సగం పేరే రాయి. దొంగపేరు రాస్తే అచ్చు పెరుగుతుంది, పేరుగలవాడి ఎత్తు అందుకుంటే ఊరుకోదు. తెలియనట్టు మాట్లాడకు."

"నా ఎత్తు నూట డెబ్భై నాలుగు. అంత కాగితం ఎక్కడుంది?"

లోపల్నించి తండ్రి దగ్గుతూ అడిగాడు: "ఎవరు పట్టారు? మన షిగెనోబేనా?" ముప్ఫై ఎనిమిదేళ్లలో తన గురించి ఆ గొంతు అలా మెత్తబడటం తొమోయె వినలేదు. ఎడమవైపు సాక్షిగా తన పేరు రాసి ముద్ర వేసేసింది.

వారానికల్లా ఇసాబురో వీలునామా రాశాడు: అచ్చుమీద ఎవరి పేరుంటే సత్రం వారిది.

మే నెలలో, భోజనాల గది గోడకి తగిలించిన అచ్చులో చేప తోక కాగితం దాటి చెక్కగోడ మీదికి వచ్చింది. "నూట పది," అన్నాడు సత్రంలో బస చేసిన ఒక మనిషి, ముల్లంగి ఊరగాయ నములుతూ. షిగెనోబు చిత్రిక పట్టి గోడ చెక్కాడు. చెక్కిన చోట కింద ఇంకా నల్లగా ఉంది.

అబద్ధం ఎవరికి చెప్పామో వాళ్లముందే పేరు కొట్టెయ్యాలి. అచ్చు పెరగడం ఆపడానికి వేరే దారి లేదు.

"పద, నాన్నకి చెబుదాం. ఇద్దరం వెళ్దాం," అంది తొమోయె.

"ఇవాళ దగ్గు ఎక్కువగా ఉంది. రేపు."

జూన్ అంతా రేపే అయింది. జులైలో తొమోయె అడగడం మానేసింది. ఆగస్టు తొమ్మిదిన ఇసాబురో పోయాడు. అప్పటికి చేప నూట యాభై ఎనిమిది. ఆ తర్వాత షిగెనోబు గోడవైపు వీపు పెట్టి భోంచేసేవాడు.

సెప్టెంబర్ ఇరవై రెండు పొద్దున గోడమీద చేప లేదు. ఒడ్డున షిగెనోబు రబ్బరు తొడుగు ఒక్కటే నిటారుగా నిలబడి ఉంది, అంచుదాకా నీళ్లతో. చేపలవాళ్లు టోపీలు తీసి, మూడు గజాలు పక్కకి జరిగి గాలాలు విసిరారు.

అతని భార్య నాట్సుకో బస్సులో వచ్చింది. వీలునామా చదివారు. కాగితం మీద చేప లేదు, కుడివైపు పేరు లేదు. మిగిలింది ఎడమవైపు తొమోయె పేరు.

"నీ ముద్ర ఉందిగా," అంది నాట్సుకో. "మా ఆయన చేప పట్టడం నువ్వు చూశావా?"

"పులుసు చల్లారిపోతోంది వదినా."

సత్రం, పడవల కొట్టం తొమోయెకి వచ్చాయి. గాలం కర్రలు ఊళ్లోని చేపలవాళ్ల సంఘానికి వెళ్లాయి. నాట్సుకోకి ఏమీ రాలేదు.