ఇసుకలో మోగిన విల్లు

నేను ఒక వెదురు విల్లును. వెనక నుంచి అమ్మ పిలిస్తే తిరిగి చూడని పిల్ల ఒకతె ఉంది. ఆ పిల్ల ఎప్పటికీ అలాగే ఉండిపోతుందేమోనని నాకు భయం. ఇంతకన్నా పెద్ద భయం నాకు లేదు. చెదలన్నా, నిప్పన్నా కూడా ఇంత బెంగ లేదు.

గోదావరి ఒడ్డున, పాపికొండల లోపల, ఏటిగూడెం అని ఒక కొండరెడ్ల ఊరుంది. ఆ ఊరి పైనున్న వెదురు పొదలో పుట్టాను. అప్పుడు నాకు పనంటూ ఏమీ లేదు. గాలి వస్తే ఊగేదాన్ని, గాలి పోతే నిలబడేదాన్ని. మంచు పడిన పొద్దుల్లో ఒళ్ళంతా చెమర్చేది. ఆ ఊళ్ళో విల్లులు చేసే పోసిరెడ్డి చీకటి పక్షం చూసి నన్ను నరికాడు. వెన్నెల రోజుల్లో నరికితే వెదురుకు పురుగు పడుతుందని వాళ్ళ నమ్మకం.

కొడుకు బాపిరెడ్డిని నిలబెట్టి, కాలి బొటనవేలి నుంచి కనుబొమ్మ దాకా నన్ను కొలిచాడు. చొక్కా కుట్టినట్టు విల్లును కూడా మనిషికి కొలిచే చేస్తాడాయన. తరవాత పొయ్యి పైనున్న అటక మీద పడుకోబెట్టాడు. ఒక వానాకాలమంతా పొగ తాగుతూ నిద్రపోయాను. ఆ నిద్రలో గాలి నాకు కలలోకి వచ్చేది. లేచేసరికి తేనెరంగు తిరిగి ఉన్నాను. కత్తితో సన్నగా గీకి, రెండు కొసలూ చెక్కి, వెదురు బద్దనే నారిగా కట్టాడు. నా ఒంటిని నా ఒంటితోనే వంచాడన్నమాట. మొదటిసారి లాగి వదిలినప్పుడు నాలోంచి జుమ్మని లేచిన మోతకి నేనే ఉలిక్కిపడ్డాను.

మనుషులు చిత్రమైనవాళ్ళు. వేసవిలో భూమి పండగకి మగవాళ్ళంతా విల్లులు పట్టుకుని అడవికి పోతారు. ఒట్టి చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు నెత్తిన పొయ్యడానికి పేడనీళ్ళు కలుపుకుని ఎదురుచూస్తూ ఉంటారు. ఇప్పుడు అడవిలో జంతువులు లేవు, ఉన్నా కొట్టకూడదు. అయినా పోతారు. పేడనీళ్ళు పోయించుకోవడానికే పోతున్నారేమో అనిపించేది నాకు. బాపిరెడ్డి నాతో కొట్టిందల్లా వాగులో చేపల్నే.

ఒక చలికాలం మోహనరంగం గారని ఒకాయన లాంచీలో వచ్చి ఇసుకతిన్నె మీద గుడారం వేసుకున్నాడు. రాజమండ్రిలో పిల్లలకు విలువిద్య నేర్పే మనిషి. ఆయన పెట్టెలోంచి తన విల్లు తీశాడు. దానికి చక్రాలు, తీగలు, గురి చూసుకునే అద్దం, ఒళ్ళంతా మరలు. నన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "గురి చూసే కన్నం ఏదండీ దీనికి?" అని అడిగాడు.

పోసిరెడ్డి నోట్లో చుట్ట తియ్యకుండానే, "నీ మొకానికి రెండున్నాయి గదా బాబూ, మళ్ళీ దానికెందుకు?" అన్నాడు.

ఆయన పకపకా నవ్వి నారి లాగాడు. చక్రాల విల్లును పూర్తిగా లాగాక చాలా బరువు అదే మోసేస్తుందట. నాకా విద్య రాదు. నువ్వెంత లాగితే నేనంత లాగుతాను. లాగి ఆలోచిస్తూ నిలబడ్డావా, నీ చెయ్యి వణికిపోతుంది. చూపు ఎక్కడుంటే బాణం అక్కడికి పోతుంది, మనసు పక్కకి తప్పుకుంటే అదీ తప్పుకుంటుంది. ఆ సాయంత్రం ఆయన వేసిన బాణం ఒక్కటీ ఎదురుగా పెట్టిన గుమ్మడికాయకు తగల్లేదు. అయినా నన్ను కింద పెడితే ఒట్టు. నది మీద ఎర్రటి ఎండ కరిగిపోతుంటే, "ఇన్నేళ్ళూ యంత్రం తిప్పానన్నమాట, విల్లు పట్టింది ఇవాళే" అని గొణుక్కున్నాడు. నన్ను ఇమ్మని అడిగాడు. బాపిరెడ్డి ఇవ్వనన్నాడు. ఆయన ఏమీ అనుకోకుండా తన ఇల్లు ఎక్కడో చెప్పి, పట్నంలో ఏ పనున్నా రమ్మని వెళ్ళిపోయాడు.

ఆ ఏడే బాపిరెడ్డికీ సింగారమ్మకీ పండమ్మ పుట్టింది.

పిల్ల నడక నేర్చింది గాని మాట నేర్వలేదు. "పండూ, పండూ" అని తల్లి వెనక నుంచి పిలిస్తే తన మానాన తను మట్టిలో గీతలు గీసుకుంటూ ఉండేది. తల్లికి గుండెల్లో రాయి పడింది.

"మావా, పిల్లకి ఇనపడతందంటావా?" అని పోసిరెడ్డిని అడిగింది.

"ఇనపడకేం? ఇదిగో సూడు" అని ఆయన నన్ను అందుకున్నాడు. పిల్ల తడిక గోడకు వీపు ఆనించి కూర్చుని ఉంది. ఆయన ఎప్పటిలాగే నా కింది కొసను ఆ తడికకే ఆనించి నారి లాగి వదిలాడు. పిల్ల గభాలున తిరిగి నన్ను చూసి నవ్వింది.

"సూసేవా! విల్లు మోత ఇన్న పిల్లకి నీ పిలుపు ఇనపడదా? నీ గొంతు దానికి నచ్చలేదంతే!"

ఇంట్లో అందరూ నవ్వారు. సింగారమ్మ కూడా నవ్వింది. ఎంత తేలికపడి నవ్విందో ఆ పిల్లతల్లి! కానీ నాకు తెలుసు. నా వణుకు కొసలోంచి తడికలోకి, తడికలోంచి ఆ చిన్న వీపులోకి పాకింది. పిల్ల వీపుతో వింది. ఆ మాట చెప్పడానికి నాకున్న నోరు ఆ మోత ఒక్కటే. ఏం చెప్పను?

అప్పటినుంచి అదొక అలవాటైపోయింది. తల్లికి దిగులు పుట్టినప్పుడల్లా మామ నన్ను తడికకు ఆనించి మోగించేవాడు. పిల్ల తిరిగేది. దిగులు పోయేది, తెల్లారి మళ్ళీ వచ్చేది. ఇంటికొచ్చిన చుట్టాలకి కూడా ఆ వేడుక చూపించేవారు. అలా పిల్లకు మూడో ఏడు వచ్చేసింది.

ఒక మధ్యాహ్నం బాపిరెడ్డి వాగులో చేపను కొట్టి, నన్ను సింగారమ్మ చేతికిచ్చి నీళ్ళలోకి దిగాడు. పండమ్మ ఇసుకలో కూర్చుని నత్తగుల్లలు పేరుస్తోంది. సింగారమ్మ వెనక నిలబడి, ఆటకే నారి లాగి వదిలింది. పిల్ల తిరగలేదు. గట్టిగా లాగింది. నేను ప్రాణమంతా పెట్టి మోగాను. ఒడ్డున కొంగలు లేచిపోయాయి. పిల్ల గుల్లలు పేరుస్తూనే ఉంది. అప్పుడు నా కొసను పిల్ల వీపుకి మెల్లగా తాకించి మోగించింది. పండమ్మ తిరిగి చూసి కిలకిలా నవ్వింది.

సింగారమ్మ ఇసుకలో కూలబడింది.

"ఏటే, ఏటైంది?" అని నీళ్ళలోంచి మొగుడు కేకేశాడు.

"పిల్లకి ఇనపడతాలేదు. రేపే పట్నం పోదాం."

"మా అయ్య ఒప్పుకోడే."

"మీ అయ్యకి నేను సెప్పుకుంటా. నువ్వు లాంచీవోణ్ణి ఆపు, సాలు."

డాక్టరుకి మాటల్లో చెప్పడం తనవల్ల కాదని నన్నూ వెంట తెచ్చింది. ఆస్పత్రి వరండాలో మనిషంత విల్లు పట్టుకుని కూర్చున్న ఆమెను చూసి ఆయా ఆగిపోయింది. "ఏంటమ్మా, డాక్టరమ్మ మీదికి వేటకొచ్చావా?"

"లేదండీ, సాక్ష్యానికి తెచ్చాను" అంది సింగారమ్మ.

చెవుల డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. తడిక సంగతీ ఇసుక సంగతీ విని, నా కొసను తన అరచేతిలో పెట్టుకుని మోగించమంది. మోగాను. ఆవిడ కాసేపు ఆ చెయ్యి అలాగే ఉంచుకుంది. పరీక్షలన్నీ అయ్యాక, "కొంచెం వినికిడి మిగిలే ఉందమ్మా. మిషన్లు పెడదాం. కానీ పెట్టగానే మాటలు రావు. మెలకువగా ఉన్నంతసేపూ చెవులకి ఉండాలి. నువ్వు ముందు కూర్చుని మాట్లాడుతూనే ఉండాలి. నెలలు పడుతుంది. మానేశారో, పిల్ల మాటకి దూరమైపోతుంది" అని చెప్పింది.

మిషన్లు పెట్టిన రోజు పండమ్మ బెదిరి ఏడ్చింది. ఫ్యాను తిరిగినా ఏడుపే, తలుపు పడినా ఏడుపే. తల్లి పిలుపుకి మాత్రం తిరగలేదు.

వాళ్ళు మోహనరంగం గారింట్లోనే దిగారు. వెళ్ళేటప్పుడు సింగారమ్మ నన్ను ఆయన చేతుల్లో పెట్టింది.

"మీరే ఉంచుకోండి బాబూ. ఇది ఇంట్లో ఉంటే మా మావ మళ్ళీ దీన్నే మోగిత్తాడు. పిల్లకి బాగానే ఇనపడతంది, ఆ మిసన్లు తీసి పారెయ్యండి అంటాడు."

బాపిరెడ్డి చెయ్యి చాపి నన్ను అందుకున్నాడు. నన్ను ఒకసారి తన పక్కన నిలబెట్టుకుని చూసుకుని, పిల్లను భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నేను రాజమండ్రిలో, మోహనరంగం గారు విలువిద్య నేర్పే మైదానంలో ఉంటున్నాను. సాయంత్రమయ్యేసరికి నారి సడలించి, నూనె గుడ్డతో తుడిచి పడుకోబెడతాడు. పొద్దున్నే మంచులో కుర్రవాళ్ళు చక్రాల విల్లులు పక్కన పెట్టి నాకోసం వరస కడతారు. బాణం వదిలాక అది తగిలిందో లేదో కూడా చూడరు, కళ్ళు మూసుకుని నా మోత చివరంటా వింటారు. ఎంత తియ్యగా ఉందో అంటారు. నేను మగతలోకి జారిపోతాను. అప్పుడు నా కింది కొస దగ్గర ఒక చిన్న వీపు వెచ్చగా ఆనుకున్నట్టు ఉంటుంది.

మీరెప్పుడైనా పాపికొండలకి లాంచీ ఎక్కితే ఏటిగూడెం దగ్గర దిగండి. పోసిరెడ్డి ఇల్లంటే ఎవరైనా చూపిస్తారు. పండమ్మ చెవులకి మిషన్లు ఉన్నాయో లేదో చూడండి. వానలకి తడిస్తే పాడవుతాయి. పాడైతే సింగారమ్మ మొహమాటంతో ఎవరినీ అడగదు, మీరే అడగండి. ముసలాయన పిల్లకి ఏ లోటూ లేదని చెప్తాడు, తల ఊపి ఊరుకోండి. పిల్ల తడికకు ఆనుకుని ఉంటే కాస్త ఇవతలికి వచ్చేదాకా ఆగండి. అప్పుడు వెనక నిలబడి, అడుగు చప్పుడు కాకుండా, చెయ్యి తగలకుండా, "పండూ" అని ఒక్కసారి పిలిచి చూడండి.