తలుపులో చీపురు

బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్లేటప్పుడల్లా తలుపు సందులో చీపురు అడ్డం పెట్టి వెళ్తాను. మాది మూసుకుంటే దానంతటదే లాక్ పడిపోయే తలుపు. బయటినుంచి తెరవాలంటే తాళంచెవి ఉండాల్సిందే. పైన తీగ మీద ఆయన చొక్కా పక్కన నా లంగా ఆరేసి, గాలికి ఆ చొక్కా చెయ్యి వచ్చి నా లంగా మీద పడుతుంటే సినిమా చూసినట్టు చూస్తూ నిలబడతాను. పెళ్లయి ఇంకా ఆరు నెలలు నిండలేదు. క్లిప్పులు కూడా జంటలుగా పెడతాను, ఎర్రదాని పక్కన ఎర్రది. ఎవరైనా చూస్తే నవ్విపోతారు.

ఒకరోజు గాలి చీపురుని గెలిచింది. నేను దిగి వచ్చేసరికి చీపురు గడప బయట వెల్లకిలా పడి ఉంది, తలుపు మూసుకుని ఉంది. నైటీలో ఉన్నాను. కింది వాటావిడ పిలిచినా సిగ్గేసి వెళ్లలేదు. ఖాళీ బకెట్ బోర్లించుకుని మెట్ల మీద దాని మీదే కూర్చున్నాను, సాయంత్రం ఆయన వచ్చేదాకా. ఆయన నన్ను చూసి ఒకటే నవ్వు. "ఏంటి, మా పిచ్చుక గూట్లోంచి జారిపడిందా?" అని, లోపలికి కూడా రాకుండా వెనక్కి వెళ్లి ఐస్‌క్రీమ్ తెచ్చారు. ఇద్దరం మెట్ల మీదే కూర్చుని ఒకే చెంచాతో తిన్నాం. ఆ కథ మా అమ్మకి ఫోన్‌లో ఎంత మురిసిపోతూ చెప్పానో!

ఇంటివాళ్లు రెండు తాళంచెవులు ఇచ్చారు. ఒకటి ఆయన దగ్గర ఉంటుంది. రెండోది మా అత్తయ్య దగ్గర, వేరే ఊళ్లో. "నువ్వు మతిమరుపు మనిషివి, అమ్మ దగ్గరుంటే భద్రం" అన్నారాయన. నిజమే, పాలు స్టవ్ మీద పెట్టి పాటలు వింటూ కూర్చునే మనిషినే నేను. మూడోది చేయిద్దామంటే, "దొంగలకి దారి చూపించడం దేనికి? అయినా లోపలుండేవాళ్లకి తాళంచెవితో పనేంటే పిచ్చీ!" అని ముక్కు పట్టి లాగారు. ఆ ముక్కు పట్టి లాగడం నాకెంత ఇష్టమంటే, అడిగిన సంగతే మర్చిపోయాను.

ఆయనది యూనివర్సిటీలో పరీక్షల విభాగం. ఒక శనివారం తన సీటు చూపిస్తానని తీసుకెళ్లినప్పుడు, లైబ్రరీ వెనక, పై అంతస్తు వరండా చివర సమానత్వ కేంద్రం బయట అంటించిన కాగితం చూశాను. వాలంటీర్లు కావాలట. చదువుకున్నవాళ్లెవరైనా రావచ్చట. బీరువాలో చీరల కింద పడుకున్న నా డిగ్రీ గబుక్కున లేచి కూర్చున్నట్టయింది. ఆయన కూడా ఇట్టే ఒప్పుకున్నారు. "జీతం లేని పనేగా, ఎప్పుడంటే అప్పుడు మానెయ్యొచ్చు." అత్తయ్య మాత్రం ఫోన్‌లో, "ఏమ్మా, మావాడి దగ్గర నీకేం తక్కువైందని సమానత్వం వెతుక్కుంటూ వెళ్తున్నావ్?" అన్నారు. స్పీకర్‌లో అది విని పక్కనున్న ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ఇంట్లో నవ్వు నాకు త్వరగా అబ్బింది.

రెండు గదుల కేంద్రం అది. ఒక పాత సోఫా, కెటిల్, కిటికీ పక్కన, కష్టం చెప్పుకోవడానికి వచ్చినవాళ్ల కోసం ఒక కుర్చీ. నడిపేది ఒక రిటైరైన టీచరు. తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకుని ఉంటారు. ప్రొఫెసర్ల నుంచి తోటమాలి దాకా అందరికీ ఆమె పెద్దక్కే. శనివారం శనివారం మాకు వినడం నేర్పారు. వినడం కూడా నేర్చుకోవాలా అనుకున్నాను మొదట. సలహా ఇవ్వకూడదు. అయ్యో అనకూడదు. ఎదుటి మనిషి చెప్పిన మాటనే, ఏమీ కలపకుండా, తీసెయ్యకుండా తిరిగి చెప్పాలి. అంతే. ఇంట్లో కుక్కర్‌తో ప్రాక్టీస్ చేశాను. అది కూత వేస్తే, "మీరు కూత వేస్తున్నారు" అనేదాన్ని.

శిక్షణ ముగిస్తే ఆకుపచ్చ రిబ్బన్‌తో ఒక కార్డు మెళ్లో వేస్తారు. మంగళవారం, గురువారం మధ్యాహ్నాలు ఆ గదిలో మనదే డ్యూటీ. ఆ కార్డు మీద నాకు ఎంత ఆశంటే, అద్దం ముందు టవల్ మెళ్లో వేసుకుని చూసుకున్నాను. ఆయనకి చెప్తే, "వారం మధ్యలోనా? నువ్వు తిరిగొస్తే తలుపెవరు తీస్తారు? చూద్దాంలే" అన్నారు. చూద్దాంలే అంటే సరే అనే అర్థం చేసుకున్నాను. కొత్త పెళ్లికూతుళ్లకి తెలిసిన భాష అదొక్కటే.

ఆఖరి రోజు పరీక్షలాంటిది. ఒకరు కష్టంతో వచ్చిన మనిషిగా నటించాలి, ఇంకొకరు వినాలి, తర్వాత కుర్చీలు మారాలి. నా జోడీ, లా కాలేజీలో చదివే అమ్మాయి. "ఒక మాట గుర్తుంచుకోండి," అన్నారు పెద్దక్క. "నటించిన మనిషి అయిపోగానే గది బయటికి వెళ్లి, మళ్లీ లోపలికొచ్చి, 'ఆమె వేరు, నేను వేరు' అని చెప్పాలి. వేసుకున్న బాధని విప్పకుండా ఎవరూ ఇంటికి పోకూడదు. అది నిజంగానే తనదైతే, అట్లాగే చెప్పండి. తప్పేం లేదు. అప్పుడు డ్యూటీ తర్వాత, ముందు మిమ్మల్ని మేం వింటాం."

నేను రాత్రంతా ఆలోచించి ఒక తాగుబోతు మొగుణ్ణి తయారుచేసుకొచ్చాను. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, "మా ఆయన కొడతాడండీ" అన్నాను. వెంటనే ఫక్కున నవ్వొచ్చింది. మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ నవ్వు. మా ఆయన చీమని కూడా ఊదేస్తారు గాని నలపరు.

"పెద్దది వద్దమ్మా," అన్నారు పెద్దక్క. "ఇక్కడికొచ్చేవాళ్లు ముందు పెద్దది చెప్పరు. చిన్నదేదైనా చెప్పు."

చిన్నదంటే ఏముంది? నోటికొచ్చింది చెప్పేశాను. "మేడ మీదికి వెళ్లేటప్పుడు తలుపులో చీపురు పెడతానండీ."

లా అమ్మాయి నవ్వలేదు. "మీరు తలుపులో చీపురు పెడతారు."

"తాళంచెవులు రెండే కదా మరి. ఒకటి ఆయన దగ్గర, ఒకటి మా అత్తగారి దగ్గర."

"ఒకటి ఆయన దగ్గర, ఒకటి మీ అత్తగారి దగ్గర."

"లోపలుండేవాళ్లకి తాళంచెవితో పనేంటి అంటారు ఆయన, సరదాగా."

"లోపలుండేవాళ్లకి తాళంచెవితో పనేంటి అంటారు."

సరదాగా అన్న మాట తనెందుకు వదిలేసిందో అడగబోయాను. తీసెయ్యకూడదు కదా, అది రూలు కదా. కానీ ఆ మాట లేకుండా వింటే, మిగిలిన మాట ఎవరో పరాయి మనిషి నాతో అన్నట్టుంది. ఐస్‌క్రీమ్ సంగతి చెప్పాలని నోరు తెరిచాను. ఐస్‌క్రీమ్ రాలేదు. బోర్లించిన బకెట్ అంచు తొడలకి ఒరుసుకోవడం గుర్తొచ్చింది, కింది వాటావిడ కళ్లలోకి చూడకుండా గోడ వైపు తిరిగిన సంగతి గుర్తొచ్చింది.

"చాలు," అన్నారు పెద్దక్క మెల్లగా. "బయటికెళ్లి రా అమ్మా."

వరండాలోకి వెళ్లాను. కింద ఆయన స్కూటర్ హారన్, రెండు చిన్న కూతలు. అది మా గుర్తు. రోజూ ఆ కూత వింటే బడి గంట విన్న పిల్లలా పరిగెత్తేదాన్ని. ఫోన్‌లో మెసేజ్: "పిచ్చుకా, కిందున్నా." లోపల బల్ల మీద ఆకుపచ్చ రిబ్బన్ కనిపిస్తోంది. ఆమె వేరు, నేను వేరు. ఒక్క వాక్యం, నాలుగు మాటలు. అనేస్తే అది నా మెళ్లో ఉంటుంది.

కేంద్రం తలుపు సగం తెరిచే ఉంది. అలవాటు కొద్దీ నా చూపు గడప మీదికి పోయింది, ఏం అడ్డం పెట్టారా అని. ఏమీ లేదు. అది ఊరికే తెరుచుకుని ఉంది.

లోపలికి వచ్చాను. లా అమ్మాయి అప్పటికే లేచి, వినే కుర్చీ నాకోసం ఖాళీ చేసి నిలబడింది. నేను దాన్ని దాటి వెళ్లి కిటికీ పక్క కుర్చీలోనే మళ్లీ కూర్చున్నాను. పెద్దక్క రిబ్బన్ని మడిచి సొరుగులో పెట్టి, సొరుగు మాత్రం మూయలేదు. ఆ అమ్మాయి తిరిగి నా ఎదురుగా కూర్చుంది.

"కింద హారన్ మోగుతోంది," అన్నాను.

"కింద హారన్ మోగుతోంది."

"నాకొక తాళంచెవి కావాలి."

ఆ అమ్మాయి ఆ మాట తిరిగి చెప్పేలోపే, నేనే ఇంకోసారి చెప్పాను.